ఏరియల్ సారూ, సైప్రస్ స్టేషనూ

మన బడి సంచిక కమిటీవాళ్ళు ఫోన్ చేసి "గల్ఫ్‌లో నీ విజయగాథ రెండు పేజీలు రాయి" అన్నారు. కోటు వేసుకున్న ఫోటో కూడా పంపమన్నారు. విజయగాథ కావాలంటే మన బ్యాచ్‌లో ఎమ్మార్వోగా రిటైరైన బెల్లాన్ని అడగండి. లేదంటే కొడుకు దగ్గర అమెరికాలో కూర్చుని పొద్దున్నే గ్రూపులో సూక్తులు పెట్టే సున్నుండ ఉన్నాడు. నేను కువైట్‌లో డిష్షులు బిగించేవాణ్ణి. కోటు లేదు, హెల్మెట్ ఉంది.

అందుకని నాకు తెలిసింది రాస్తున్నా. సైప్రస్ దీవి నుంచి నడిచే ఒక క్రైస్తవ టీవీ స్టేషన్ కథ ఇది. పేరు శాట్-7. అరబ్బుల కోసం అరబ్బీలో, ఇరానీల కోసం ఫార్సీలో, టర్కీవాళ్ళ కోసం టర్కిష్‌లో వస్తుంది. మన బడి సంచికకూ దీనికీ సంబంధమేమిటని చిత్రాంగి ఎర్ర పెన్ను తీస్తుందని తెలుసు. తియ్యొద్దమ్మా. ఏరియల్ సారు మనకు పాఠం చెప్పి ఉండకపోతే నేను ఆ స్టేషన్‌ను ట్యూన్ చేసి, డబ్బులు తీసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేసేవాణ్ణి. ఎక్కడిది, ఎవరిది అని అడిగేవాణ్ణే కాదు.

సారు సంగతి మీకందరికీ తెలిసిందే అయినా చెప్పకుండా ఉండలేను.

మనం ఆరో తరగతిలో చేరేనాటికి పక్కూరివాళ్ళకు ఇంకా పొగరు దిగలేదు. ఉపగ్రహం నుంచి నేరుగా ఊళ్ళకు టీవీ చూపించే ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలైంది కదా. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళను తీసుకున్నారు. వాళ్ళ ఊరిని తీసుకున్నారు, మన ఊరిని వదిలేశారు. పంచాయతీ ఆఫీసు పక్కన పదడుగుల వెడల్పు గొడుగు పెట్టారు. తీరా చూస్తే దానికి వాడింది కోళ్ళదొడ్డికి కట్టే ఇనప వల. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం. సాయంత్రం ఆట మనం కూడా చూశాం. నడిచి పోయి, వాళ్ళు వెనక్కి నెడితే మళ్ళీ ముందుకు దూరి, మెడలు పట్టేసేదాకా. సరిగ్గా ఏడాదికి, 1976 జూలై 31న, బొమ్మ ఆగిపోయింది. ఉపగ్రహం నాసావాళ్ళది. మన దేశం అడిగి తెచ్చుకున్నది, గడువైపోగానే వాళ్ళు జరుపుకున్నారు. పక్కూరి సర్పంచి మాత్రం "అమెరికావోడు తాడు లాగేసినాడు" అని సంతలో చెప్పుకుంటూ తిరిగాడు.

సారు మన క్లాసులో మొట్టమొదట అడిగింది దాని గురించే. "ఆ ఉపగ్రహం యాడుండేది?" అందరం నెత్తిమీదికి చూపించాం. లంబూ అయితే కిటికీలోంచి వేలు కూడా పెట్టాడు. సారు బోర్డు మీద భూగోళం గీసి, మన ఊరి నుంచి ఒక గీత ఏటవాలుగా లాక్కుంటూ పోయి ఆఫ్రికా మీద ఆపారు. 35 డిగ్రీల తూర్పు రేఖాంశం. కింద ఉండేది కెన్యా. పైకి 36 వేల కిలోమీటర్లు. మనం కోడిపుంజుల వలలో పట్టుకున్నది కెన్యా మీంచి వచ్చిన మాట అని ఆయన అన్నప్పుడు క్లాసులో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. సున్నుండ ఒక్కడే "సార్, కెన్యావాళ్ళకు తెలుగొస్తాదా?" అన్నాడు. అందుకు పడిన దెబ్బ వాడికి ఇప్పటికీ గుర్తుందో లేదో.

ఆ రోజే మూడు ప్రశ్నలు రాయించారు. ఎక్కడ్నించి వస్తాంది? ఎవురి ఖర్చు? ఎవురి కోసం? గాల్లోంచి ఏ గొంతు వినబడినా ముందు ఈ మూడూ కనుక్కోవాలి, ఆ తర్వాతే నమ్మడమో మానడమో అని. పరీక్షల్లో ఎప్పుడూ రాని ప్రశ్నలు. నాకు మాత్రం బతుకంతా పనికొచ్చాయి.

ఆ గొడుగు వల ముక్కొకటి పక్కూళ్ళో ఎవరి కోళ్ళగూటి మీదికో చేరింది. సారు దాన్ని బేరమాడి కొని ల్యాబ్ గోడకు తగిలించారు. "ముప్పయ్యారు వేల కిలోమీటర్ల నుంచి వచ్చినదాన్ని పట్టిన వలరా ఇది, వీళ్ళు దీంతో కోళ్ళను పడుతున్నారు" అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పారంట. తర్వాతి బ్యాచ్‌లవాళ్ళు కువైట్‌లో కలిసినప్పుడు నాకు అదే మాట అదే గొంతుతో వినిపించారు.

ఇక ఆ రేడియో. ల్యాబులో సల్ఫర్ సీసాల బీరువా పక్కన ఉండే వాల్వుల మర్ఫీ. వేపచెట్టు నుంచి జెండా కర్ర దాకా రాగి తీగ. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. అప్పుడు ఆకుపచ్చ కన్ను మెల్లగా వెలుగుతుంది. డయల్ తిప్పుతుంటే స్టేషన్ దగ్గరయ్యేకొద్దీ ఆ కన్ను మూసుకుంటూ వస్తుంది, దాటిపోతే మళ్ళీ తెరుచుకుంటుంది. సాయంత్రాలు వోల్టేజి పడిపోయినప్పుడు అది నిద్రకళ్ళు వేసేది. సిలోను అందరికీ పాటల కోసం కావాలి. సారుకు మాత్రం పాటల మధ్య గరగరలో దాక్కున్న స్టేషన్లు కావాలి. ఆయన బుగ్గ రేడియోకు ఆనించి, కళ్ళు మూసుకుని, వేలి కొసతో వెంట్రుకవాసి తిప్పేవారు. ఆ వేలిని చూడటానికే నేను ఆగేవాణ్ణి.

తెలుగులో ఒక క్రైస్తవ కార్యక్రమం వచ్చేది. ఒకసారి గట్టిగా, ఒకసారి బావిలోంచి మాట్లాడినట్టు. అది మద్రాసు నుంచి అని పాస్‌బుక్ గాడు పందెం కాశాడు. కాదు. హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవుల నుంచి, ఫీబా రేడియో. సారు ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఎంత పెద్దదో శనివారం ప్రసాదానికి పోయిన అందరికీ తెలుసు. అయినా ఆ కార్యక్రమాన్ని ఆయన బీబీసీని విన్నంత శ్రద్ధగా విన్నారు. మన చేత రిపోర్టు రాయించారు. టైమ్‌లోంచి అయిదున్నర గంటలు తీసేసి గ్రీన్‌విచ్ టైమ్ వేయాలి. ఆ తర్వాత సిన్పో వేయాలి. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ గోల, గరగర, ఎక్కుడు దిగుడు, మొత్తం మీద ఎలా ఉంది. ఒక్కోదానికి అయిదుకు ఎన్ని మార్కులు. మనం అన్నిటికీ సిన్పో వేయడం అప్పుడే మొదలైంది. హాస్టల్ సాంబారు 2-1-1-2-1. హెడ్మాస్టరు ప్రార్థన ప్రసంగం 5-1-1-1-1. ముందు బెంచీవాళ్ళకు ఎవరు ఎంత వేశారో ఇక్కడ రాయను, ఇళ్ళల్లో మనవళ్ళు చదువుతారు.

ఆ రిపోర్టును స్టేషన్‌కు పంపే ఏరోగ్రామ్‌కు తలా పది పైసలు. ఎవరివ్వలేదో గ్రూపులో అడగండి.

జవాబు వచ్చిన రోజు మీలో సగం మంది బడికి రాలేదు, తిరుణాళ్ళ కదా. కాబట్టి నేను చెప్పిందే నిజం. పోస్ట్‌మ్యాన్ ఆ కవరు సారుకు ఇవ్వకుండా తీసుకుపోయి హెడ్మాస్టరు టేబుల్ మీద పెట్టాడు. విదేశీ ఉత్తరం. మతం రేడియో నుంచి. అదీ జిల్లా పరిషత్తు బడికి. హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి. సీఐడీలు వస్తారన్నారు, డీఈవో ఆఫీసుకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తారన్నారు. నేను సుద్దముక్కల డబ్బా కోసం పోయి అక్కడే గుమ్మం పక్కన ఇరుక్కుపోయాను. సారు నెమ్మదిగా కాపీ కాగితం తీసి చూపించారు. "మేము రాసింది ఆయన సువార్త గురించి కాదు సార్, ఆయన సిగ్నల్ గురించి. చూడండి, మూడు మార్కులే వేసినాం." హెడ్మాస్టరు కాగితం చూడలేదు. ఆయన కళ్ళు కవరు మీద తాబేలు బొమ్మ స్టాంపు దగ్గర ఆగిపోయాయి. వాళ్ళబ్బాయి స్టాంపులు పోగుచేసేవాడు. అయిదు నిమిషాల్లో రాజీ కుదిరింది. స్టాంపు హెడ్మాస్టరుకు, రిపోర్టు అందిందని స్టేషన్‌వాళ్ళు లోపల పెట్టిన కార్డు మనకు. సీఐడీల మాట మళ్ళీ రాలేదు.

ఆ కార్డు పట్టుకుని సారు వారం రోజులు పాఠం చెప్పారు. ఆ స్టేషన్‌వాళ్ళ ఏరియల్ స్తంభాలు ఒడ్డున కాదు, సముద్రంలోనే పగడపు దిబ్బ మీద నిలబెట్టారు. ఉప్పునీళ్ళు కరెంటును బాగా మోస్తాయి గనక కింద నీళ్ళుంటే తరంగం మరింత దూరం పోతుందని. ఎవరి ఖర్చు? ఇంగ్లండులో చర్చిలకు పోయే మామూలు మనుషుల చందాలు. ఎవరి కోసం? అక్కడే సారు ఆగి "మీరే చెప్పండి" అన్నారు. పాస్‌బుక్ లేచి "సార్, మతం మార్చడానికి" అన్నాడు. వెనక నుంచి మన క్రైస్తవ పిల్లవాడు లేచి "మా అవ్వకు చర్చి దూరం సార్, ఆమె కోసం" అన్నాడు. సారు రెండూ బోర్డు మీద రాశారు. ఏదీ కొట్టేయలేదు.

అదే బడి, నాకు సంబంధించినంతవరకు. ఏడు, ఎనిమిది ఏమైపోయాయో తెలియదు. పదిలో లెక్కలు గట్టెక్కాను, చింతపండు సంగతి మీకు తెలుసు. తర్వాత ఐటీఐ, కర్నూలులో టీవీ రిపేరు షాపు, పెళ్ళి, అప్పు. 1993లో కువైట్.

నేను దిగేసరికి యుద్ధం అయిపోయి రెండేళ్ళు. మిద్దెల మీద పెద్ద పెద్ద డిష్షులు. కొన్నాళ్ళకు చిన్నవి వచ్చాయి, తొంభై సెంటీమీటర్లవి. హాట్ బర్డ్ అనే ఉపగ్రహాల గుంపు 13 డిగ్రీల తూర్పున ఉంటుంది. కువైట్ మిద్దె మీద నిలబడి నైరుతికి తిరిగి ముప్పైతొమ్మిది డిగ్రీలు పైకెత్తితే దొరుకుతుంది. 1998 నుంచి నైల్‌శాట్ వచ్చింది. అది 7 డిగ్రీల పడమర, మరీ కిందికి, ఇరవైరెండు డిగ్రీలే. ఎదురుగా ఓ అయిదంతస్తులది లేస్తే చాలు, బొమ్మ మాయం. గాలిదుమారం వచ్చిన మర్నాడు మాకు పండగ. ఊళ్ళో సగం డిష్షులు తల వంచేసుకుంటాయి.

1990ల చివర్లో కువైట్‌లోనే హవల్లి అనే పేటలో ఒక ఈజిప్టు కుటుంబం పిలిచింది. ఆయన ఏదో కంపెనీలో లెక్కలు రాస్తాడు. కాగితం మీద ఫ్రీక్వెన్సీ రాసి పెట్టుకున్నాడు, ఈ స్టేషన్ కావాలి అని. శుక్రవారం, అక్కడ సెలవు. డిష్షు ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బిని కొంచెం తిప్పగానే బొమ్మ నిలబడింది. ఒకమ్మాయి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని అరబ్బీలో కథ చెబుతోంది. వాళ్ళ పిల్లలు ముగ్గురూ నా కాళ్ళ మధ్యలోంచి దూరి నేల మీద కూర్చున్నారు. నేను డబ్బులు తీసుకుంటూ నాకు వచ్చిన అరబ్బీలో అడిగాను. ఇది ఎక్కడ్నించి? ఎవరి ఖర్చు? ఆయన నవ్వి "నువ్వేమైనా ముఖాబరాత్ మనిషివా?" అన్నాడు. మన సీఐడీనే వాళ్ళ ముఖాబరాత్. మా సారు అలవాటు చేశారన్నాను. టీ పోశాడు. ఆ టీ నేటికీ నడుస్తోంది.

ఆయనా, తర్వాత వేరే ఇళ్ళవాళ్ళూ చెప్పగా, నేను చదువుకోగా తేలింది ఇది. టెరెన్స్ ఆస్కాట్ అని ఒక ఇంగ్లండు ఆయన. ఈజిప్టులో చాలా ఏళ్ళుండి పత్రికలు, పుస్తకాల పని చేసినవాడు. అరబ్బు దేశాల్లో క్రైస్తవులు మొదటి శతాబ్దం నుంచీ ఉన్నారు, ఈజిప్టులో కాప్టులనే అక్కడి పాత క్రైస్తవులైతే లక్షలకు లక్షలు. కానీ టీవీలో వాళ్ళ గొంతు దాదాపు లేదు. పుస్తకాలను సరిహద్దుల్లో ఆపొచ్చు. డిష్షులో పడేదాన్ని ఆపడం కష్టం. 1995లో సంస్థ పెట్టారు, ఆఫీసు సైప్రస్‌లోని నికోసియాలో. ఎందుకు అక్కడంటే మా హవల్లి లెక్కలాయన చేతివేళ్ళు లెక్కబెట్టినట్టు చెప్పాడు. కైరో నుంచి గంట విమానం, బేరూత్ నుంచి ఇంకా దగ్గర, ఎవరి ప్రభుత్వమూ నెత్తిన ఉండదు. లెబనాన్ అంతర్యుద్ధంలో చాలా సంస్థలు సైప్రస్‌కు చేరి, ఆ దీవికి ఈ పని అలవాటై ఉంది కూడా.

మొదటి ప్రసారం 1996 మే 31. శుక్రవారమే. వారానికి రెండంటే రెండు గంటలు. ఉపగ్రహం మీద సమయం అద్దెకు తీసుకోవాలి మరి, గంటకింత అని. మిగతా వారమంతా ఖాళీ. ఇది చదివినప్పుడు నాకు ఫీబావాళ్ళే గుర్తొచ్చారు, వాళ్ళదీ రోజుకు కాసేపే. అందుకే గ్రీన్‌విచ్ టైమ్ చూసుకుని కూర్చోవాల్సి వచ్చేది మనకు.

నేను చూసిన కథల అమ్మాయి పేరు రీటా ఎల్-మునాయర్, లెబనాన్ ఆమె. అస్-సనాబిల్ అనే పిల్లల కార్యక్రమం 1996 నుంచి ఆమెదే. 2019లో ఆస్కాట్ దిగిపోయాక మొత్తం సంస్థకు ఆమే పెద్ద అయింది. హవల్లి పిల్లల్లో పెద్దవాడు ఇప్పుడు కెనడాలో డాక్టరు. ఆ వార్త నాకు వాడే పంపాడు, పక్కన నవ్వే బొమ్మలతో.

ఎవరి ఖర్చు అంటే, యూరప్, అమెరికాల్లో దాతలది. ఇక్కడ సారు వదిలిపెట్టరని నాకు తెలుసు. డబ్బు బయటిదైతే మాట ఎవరిది అంటారు. అదీ కనుక్కున్నాను. సంస్థను నడిపే పెద్దల మండలిలో ఎక్కువమంది ఆ ప్రాంతపు చర్చిలవాళ్ళే ఉండాలని మొదట్నుంచీ పెట్టుకున్నారు. కాప్టులు, లెబనాన్ వైపు మారోనైట్లు, ప్రొటెస్టెంట్లు, ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రకాలు కూడా ఒకే బల్ల దగ్గర. కార్యక్రమాలు కూడా ఎక్కువ భాగం అక్కడివాళ్ళే, వాళ్ళ భాషలోనే తీయాలి. కైరోలో, బేరూత్‌లో స్టూడియోలు. ఇంకో మతాన్ని తిట్టకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. నా ముప్పై ఏళ్ళ పనిలో అన్ని మతాల చానళ్ళూ బిగించాను, డబ్బులిస్తే ఏదైనా బిగిస్తాను. కేకల చానళ్ళు ఎట్లా ఉంటాయో ఎరుగుదును, మన దేశానివీ ఉన్నాయి. ఈ స్టేషన్ పెట్టినప్పుడు మాత్రం ఇంట్లో ముసలివాళ్ళు రిమోట్ పక్కన పెట్టి వెనక్కి వాలేవారు. నేను దాన్నిబట్టే మార్కులు వేస్తాను.

ఫార్సీ 2002లో మొదలుపెట్టారు. 2006కు అది విడిగా ఒక చానల్ అయింది, పేరు పార్స్. దీని గురించి నాకు చెప్పింది మా వీధి రొట్టెల ఇరానీ. కువైట్‌లో తందూరు రొట్టె అంటే ఇరానీవాళ్ళదే. ఆయన క్రైస్తవుడు కాదు, ఆయనకు ఏ చానలూ అక్కర్లేదు, ఫుట్‌బాల్ చాలు. కానీ వాళ్ళ దేశంలో 1990ల మధ్య నుంచి డిష్షు పెట్టుకోవడం నేరం. పోలీసులు మిద్దెల మీదికి వచ్చి విరగ్గొట్టి పోతారు. మర్నాడు మళ్ళీ లేస్తాయి. కూలర్ వెనక, ఆరేసిన దుప్పట్ల వెనక. అక్కడ నా పని చేసేవాళ్ళు రాత్రుళ్ళు చేస్తారని ఆయన చెప్పినప్పుడు నా నడుము నొప్పి నాకే చిన్నదైపోయింది.

2007లో పిల్లలకే ఒక అరబ్బీ చానల్. టర్కీవాళ్ళ చానల్ 2015లో అక్కడి సొంత ఉపగ్రహం తుర్క్‌శాట్ మీదికి ఎక్కింది. అది చిన్న విషయం కాదు. ఆ ఉపగ్రహం ఎక్కిన మొదటి క్రైస్తవ చానల్ అది. టర్కీ ఇళ్ళల్లో డిష్షులు ఎక్కువగా దాని వైపే తిరిగి ఉంటాయి. ఎవరూ నాలాంటివాణ్ణి పిలిచి తిప్పించుకోనక్కర్లేదు.

2015 ఫిబ్రవరి మాత్రం వివరంగా చెప్పాలి. లిబియా సముద్రం ఒడ్డున ఇరవై ఒక్కమందిని చంపిన వీడియో మీరూ వార్తల్లో చూసి ఉంటారు. ఇరవైమంది ఈజిప్టు కాప్టులు, ఒకరు ఘనా అతను. కూలిపనికి వలస పోయినవాళ్ళు, మనలాగే. ఆ వారం హవల్లి ఇంట్లో ఉన్నాను. ఎల్‌ఎన్‌బి నీళ్ళు పట్టి పాడైంది, మార్చాలి. ఆయనది ఈజిప్టులో మిన్యా జిల్లా, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది అటువైపు ఊళ్ళవాళ్ళే. శాట్-7 అరబ్బీ మీద బషీర్ కామిల్ అనే ఆయన ఫోన్‌లో మాట్లాడిన కార్యక్రమాన్ని వాళ్ళు మళ్ళీ పెట్టుకుని చూస్తున్నారు. చనిపోయినవారిలో ఇద్దరు ఆయన తమ్ముళ్ళు. తమ్ముళ్ళు చివరి క్షణంలో పలికిన విశ్వాసం మాటను వీడియోలోంచి కత్తిరించనందుకు చంపినవాళ్ళకే కృతజ్ఞతలు చెప్పాడాయన. ఆ చంపినవాడు ఎదురైతే ఏం చేస్తారని అడిగితే, వాడి కళ్ళు తెరిపించమని దేవుణ్ణి అడుగుతాననీ, ఇంట్లోకి పిలుస్తాననీ వాళ్ళమ్మ అందని చెప్పాడు. హవల్లి లెక్కలాయన భార్య వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి వదిలేసింది, ఏడుపు వినబడకుండా. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆ రోజు డబ్బులు తీసుకోలేదు. ఆయన ఒప్పుకోక కారు దాకా వచ్చి జేబులో కుక్కాడు.

2018లో సెలవుకు వచ్చినప్పుడు సారు దగ్గరికి పోయాను. నంద్యాల రోడ్డులో ఇల్లు, మంచం, చెవి మిషను. రేడియో లేదు. ఎవరికో ఇచ్చేశారంట. నేను ఈ స్టేషన్ గురించి మొదట్నుంచి చెప్పాను. సీషెల్స్ స్టేషన్ 2003లోనే షార్ట్‌వేవ్ ఆపేసిందని కూడా చెప్పాను. తెలుసన్నారు. ఇక అసలు చెప్పాలని పోయిన సంగతి ఇది. సిరియా యుద్ధంలో లక్షల మంది పిల్లలకు బడి పోయింది. లెబనాన్, జోర్డాన్‌లలో శరణార్థుల గుడారాలు. గుడారం మీద కూడా డిష్షు ఉంటుంది, ఎందుకంటే బయటి లోకం కనబడాలి కదా. ఈ స్టేషన్‌వాళ్ళు ఆ పిల్లల కోసం అరబ్బీ, ఇంగ్లీషు, లెక్కలు పాఠాలు టీవీలో మొదలుపెట్టారు. 2017లో దానికే అకాడమీ పేరుతో ఒక చానల్ తెరిచారు. నల్లబల్ల, టీచరు, ముందు కూర్చున్న నలుగురు పిల్లలు, అంతే. మతం పాఠం కాదు, ఎక్కాలు.

సారు లేచి కూర్చున్నారు. "డిష్షు ఎంత వెడల్పు?" అన్నారు. "చిన్నవే సార్, ఎనభై సెంటీమీటర్లు." "మనది పదడుగులు" అన్నారు, కొంచెం గర్వంగానే. తర్వాత అడిగారు, "పాఠాలు పొద్దున వేస్తారా, సాయంత్రమా?" నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. "మనది ఏడాదికే ఆగిపోయింది" అన్నారు. "వాళ్ళది ఎన్నాళ్ళు నడుస్తాదో చూస్తా ఉండు. ఖర్చు ఎవురిదో దాన్నిబట్టి ఉంటాది." డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మనిషి లెక్క తప్పలేదు. హవల్లి నుంచి ఫోన్ చేసి సమయాలు చెప్పాను. కాగితం మీద రాసుకున్నారని వాళ్ళమ్మాయి చెప్పింది. మరుసటి ఏడు ఆయన పోయినప్పుడు నేను రాలేకపోయాను. బెల్లం పోయాడు, పాడె కూడా మోశాడు. ఆ సంగతి వాడు ఎక్కడా రాసుకోడు కాబట్టి నేను రాస్తున్నాను.

నా సంగతి కూడా నాలుగు ముక్కలు చెప్పాలంటారు కాబట్టి. ఇప్పుడు నేను నిచ్చెన ఎక్కడం తక్కువ. పద్నాలుగు మంది కుర్రాళ్ళున్నారు, ఎక్కువ మంది కడప, రాజంపేట వైపు. పెద్ద టవర్లకు ఒకే మిద్దె మీంచి నాలుగు వందల ఫ్లాట్లకు లైన్లు ఇస్తాం. కఫీల్, అంటే మాకు పూచీ ఉండే కువైట్ ఆసామి, మంచివాడు, ఇరవై ఏళ్ళుగా ఆయన పేరు మీదే లైసెన్సు, మాట తేడా రాలేదు. పని అయ్యాక ప్రతి కుర్రాడూ కాగితం మీద అయిదు అంకెలు వేసి తేవాలి, సిగ్నల్, గోల, గరగర, ఎక్కుడు దిగుడు, మొత్తం. మీటరు ఉండగా ఇదేంటన్నా అని గొణుగుతారు. మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగే చదివి బెంగళూరులో చేస్తోంది. సిన్పో అనేది ఇప్పుడు ఎవరూ వాడరని మొన్న చెప్పింది. మా ఆఫీసులో వాడతారమ్మా అన్నాను.

డిష్షుల పని తగ్గిపోతోంది. అందరూ ఫోన్లో చూస్తున్నారు, ఆ స్టేషన్ కూడా ఫోన్లోకి వచ్చేసింది. మాకు ఇప్పుడు కెమెరాల పని, వైఫై పని ఎక్కువ. అయినా దుమారం వచ్చిన మర్నాడు హవల్లి నుంచి ఫోన్ వస్తుంది. అది మాత్రం కుర్రాళ్ళను పంపను, నేనే పోతాను.

కమిటీకి ఒక మాట. ల్యాబుకు సారు పేరు పెడతామంటున్నారు, మంచిది. బోర్డు ఖర్చు నాది. బోర్డు మీద పేరు కింద "ఏరియల్ సారు" అని కూడా రాయించండి, లేకపోతే ఎవరో తెలియదు. ల్యాబులో కొత్త రేడియో ఒకటి పెట్టిస్తాను, మంచి కమ్యూనికేషన్ రిసీవర్ చూసి ఉంచాను. వేపచెట్టు కొట్టేశారని విన్నాను. ఏరియల్‌కు ఇంకో కర్ర పాతాలి, దాని సంగతి బెల్లం చూసుకుంటాడు, మండలాఫీసులో ఇప్పటికీ వాడి మాట చెల్లుతుంది. నేను డిసెంబరు చివరి వారంలో దిగుతున్నా. కర్నూలులోనే రూము. ఎవరైనా రావచ్చు. లంబూ పాడకుండా ఉంటానని రాసిస్తే వాడు కూడా.